నెలకు రెండుసార్లు నల్లబెల్లం కొనే పెద్దాయన

ప్రశ్న: అమ్మా, నాకు 24 ఏళ్లు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక ఆర్గానిక్ షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. మా షాపుకి వచ్చేవాళ్లు మామూలు కిరాణా కొట్టుకి వచ్చేవాళ్లలాగా ఉండరు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మానేసి ఉదయగిరి వైపు భూమి కొనుక్కున్న భార్యాభర్తలు, ఎక్కడికెళ్లినా రాగిచెంబు వదలని రిటైర్డ్ లెక్చరర్, సబ్బు ముట్టనని చెప్పే పొడుగు జుట్టు కుర్రాడు, ప్లాస్టిక్ కవరు కనపడితే కోప్పడే ఒక మేడం. సాయంత్రం పూట వీళ్లను చూస్తూ కూర్చోవడం నాకు భలే ఇష్టం. నేనూ, నాతో పనిచేసే అమ్మాయీ అందరికీ పేర్లు పెట్టుకున్నాం. చెప్పుల్లేకుండా వచ్చే ఒక పెద్దాయనకు ‘బెల్లం స్వామి’ అని పెట్టాం. నెలకు రెండుసార్లు వస్తాడు. వచ్చినప్పుడల్లా రెండు కిలోల నల్లబెల్లం, రెండు కిలోల శనగపిండి. పైనున్న బెల్లం తీసుకోడు, డబ్బాలో చెయ్యి లోపలికి పెట్టి అడుగునున్న అచ్చులే ఏరుకుంటాడు. ఒకరోజు ఆయన అటు వెళ్లగానే నా ఫ్రెండు ఆయన నడక చేసి చూపించింది. నేను చేతులు జోడించి ‘బెల్లం స్వామీ, దీవించు’ అన్నాను. తిరిగి చూస్తే ఆయన గుమ్మంలో ఉన్నాడు. మర్చిపోయిన సంచి కోసం వచ్చాడు. ఒక్క మాట అనలేదు, సంచి తీసుకుని వెళ్లిపోయాడు. నెల దాటింది, మళ్లీ రాలేదు. ఆయన ఫోన్ నంబరు మా కంప్యూటర్లో ఉంది. ఫోన్ చేయాలా, వద్దా?

ఇంకో సంగతి. వీళ్లంతా నిజంగా ఇట్టా బతుకుతారా, లేక అంతా షోనా? గుడ్డసంచి తెచ్చే మేడం పెద్ద కారులో వస్తుంది. ఇంకొకాయన సిరిధాన్యాలతో షుగర్ మాత్రలు మానేశానని బిల్లు దగ్గర నిలబడినవాళ్లకు చెప్తుంటాడు. అది వింటే నాకు టెన్షన్, అయినా ఏమీ మాట్లాడను. మనుషుల్ని ఇట్టా గమనించడమే తప్పంటుంది మా అమ్మ. నిజమేనా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: అమ్మాయీ, నా చిన్నకూతురి వయసు నీది, అందుకని నువ్వనే రాస్తున్నాను.

ముందు ఆ బెల్లం సంగతి మాట్లాడుకుందాం. నెలకు రెండుసార్లు, రెండు కిలోల నల్లబెల్లం, రెండు కిలోల శనగపిండి. ఆ లెక్క దగ్గర నేను ఆగిపోయాను. అది ఇంట్లో తినడానికి కొనేవాళ్ల లెక్కలా లేదు. ఎకరం పొలానికి జీవామృతం, అంటే రసాయన ఎరువులకు బదులు నేలకు పోసే ద్రావణం, కలిపేవాళ్ల లెక్క.

మా తమ్ముడు పొదిలి దగ్గర ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాడు కాబట్టి నాకు తెలుసు. 200 లీటర్ల నీళ్లు పట్టే డ్రమ్ములో 10 కిలోల ఆవుపేడ, అయిదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీద మట్టి ఒక గుప్పెడు వేసి, పైన గోనెపట్టా కప్పి నీడలో పెడతాడు. పొద్దునా సాయంత్రం కర్రతో కలియతిప్పుతాడు. రెండోరోజుకి పైన నురగ కడుతుంది, పులిసిన వాసన వస్తుంది. పేడలో, మట్టిలో ఉండే మేలుచేసే సూక్ష్మజీవులకు బెల్లం, పిండి మేత. ఆ మేత దొరికితే అవి విపరీతంగా పెరుగుతాయి. ఆ నీళ్లు పదిహేను రోజులకోసారి పొలానికి పారిస్తాడు. ‘నెలకు రెండుసార్లు’ అని నువ్వు రాసింది సరిగ్గా దీనికి సరిపోతుంది. బజారులో దొరికే తెల్లబెల్లంలో రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు కనుక వీళ్లు దాన్ని ముట్టుకోరు. నల్లబెల్లమేమో సారా కాసేవాళ్లకు పోతుందన్న భయంతో చాలా కొట్లలో అమ్మరు. ఆయన అంత దూరం వెతుక్కుంటూ మీ షాపుకి రావడానికి అదే కారణమై ఉంటుంది. అడుగునున్న అచ్చు మెత్తగా, కాస్త చెమ్మగా ఉంటుంది. నీళ్లలో తొందరగా కరుగుతుంది.

నా ఊహ తప్పయినా కావచ్చు. అయితే ఆ ఊహకి కావలసిన ఆనవాళ్లన్నీ నీ ఉత్తరంలోంచే నాకు దొరికాయి. ఎన్ని కిలోలు, ఎన్ని రోజులకోసారి, చెయ్యి ఎక్కడ పెడతాడు, అన్నీ చూసింది నువ్వు. ఆయన్ని నేను కంటితో చూడనైనా లేదు. అంత బాగా గమనించే పిల్లవి, ‘ఈయన ఇంత పిండి ఏం చేసుకుంటాడబ్బా’ అని ఒక్కసారి కూడా ఎందుకు అనుకోలేదు? అప్పటికే ఆయన బెల్లం స్వామి అయిపోయాడు కాబట్టి. పేరు పడింది, ఆ మనిషి ఎవరో తెలిసిపోయినట్టు అనిపించింది. ఆ తర్వాత నువ్వు చూసిందంతా ఆ పేరునే, ఆయన్ని కాదు. నెల దాటిందంటున్నావు. అంటే ఆయన పొలానికి రెండు విడతలు పోయాల్సిన రోజులు గడిచిపోయాయి. ఆ బెల్లం కోసం ఇంకెక్కడ తిరుగుతున్నాడో.

చెప్పులెందుకు వేసుకోడో నాకు తెలియదు. మొక్కు కావచ్చు, పొలం అలవాటు కావచ్చు, కాలికి ఏదైనా బాధ ఉండొచ్చు. నీకూ తెలియదు. తెలియనిదాన్ని అట్లాగే ఉండనివ్వు.

పేర్లు పెట్టడం గురించి ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, నాకూ ఒకటి ఉండేది. మాది కనిగిరి పక్కన పల్లె. కనిగిరి 1970 దాకా మీ నెల్లూరు జిల్లాలోదే, ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. మా నేలలో వరి పండదు. ఇంట్లో కొర్రన్నం, వరిగన్నం, సజ్జ రొట్టె. బియ్యపన్నం పండక్కీ, చుట్టాలు వచ్చినప్పుడూ. 1978లో హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాను. టౌను పిల్లలు తెల్లన్నం తెచ్చుకునేవాళ్లు. నేను క్యారేజీ మూత అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి తినేదాన్ని. కొర్రన్నం చల్లారితే విడివిడిగా అయిపోతుంది. పచ్చిపులుసు పోసి కలిపినా ముద్ద కుదరదు, వేళ్ల సందుల్లోంచి రాలుతుంది. ఒకరోజు చేయి తగిలి మూత బండల మీద పడింది. చప్పుడుకి అందరూ ఇటు తిరిగారు. నా గిన్నెలో ఏముందో అందరికీ కనపడింది.

ఆ రోజు నుంచి నేను ‘కొర్రమ్మ’ని. పదో తరగతి దాకా కొర్రమ్మనే. లెక్కల్లో మొదటి మార్కు వచ్చినా ‘కొర్రమ్మకి ఫస్టొచ్చిందంట’ అనేవాళ్లు. వాళ్లు చెడ్డపిల్లలు కాదు, అందులో ఇద్దరు ఇప్పటికీ నాకు స్నేహితులే. నవ్వుకోవడానికి పెట్టారు, నువ్వు పెట్టినట్టే. దగ్గరదగ్గర అరవై ఏళ్లు వచ్చాయి నాకు. ఇప్పటికీ వంటింట్లో స్టీలు మూత కిందపడితే ఒక్కక్షణం చేయి ఆగుతుంది.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మా ఇంట్లో రోజూ తెల్లన్నమే. మా అమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. ఆ సంతోషాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టను. రోట్లో కొర్రలు దంచి దంచి ఆమె అరచేతులు కాయలు కాచి ఉండేవి. తర్వాత రెండు మూడేళ్లకు నాన్న కొర్ర వేయడం మానేశాడు, ఆ రోట్లో వాననీళ్లు నిలిచాయి. అదే కొర్ర ఇప్పుడు ‘సిరిధాన్యాలు’ అని లేబులు వేసుకుని మీ షాపులో గాజు సీసాలో కూర్చుంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వార్త చదివి మా అమ్మకు ఫోన్లో చెప్తే, ‘ఇప్పుడు తెలిసిందా వాళ్లకి’ అంది.

అందుకని మీ షాపుకి వచ్చేవాళ్లందరినీ కొత్తదారి పట్టినవాళ్లు అనుకోకు. కొర్రల సీసా మూత తీసి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా అరకిలో కట్టమనేవాళ్లు ఉంటారు చూడు. వాళ్లు పాతింటికి వెళ్లొస్తున్నారు. ఒక బియ్యపు గింజ పంటికింద కొరికి ‘మొలగొలుకులు ఉన్నాయా’ అని అడిగే ముసలాయన ఎవరైనా వస్తే కాసేపు మాట్లాడించు. నెల్లూరు బియ్యానికి పేరు తెచ్చిన వడ్లు అవి. ఆరునెలల పంట. తక్కువ రోజుల్లో ఎక్కువ పండే రకాలు వచ్చాక వెనక్కి పోయాయి. ఆయన దగ్గర వినాల్సిన కథ తప్పకుండా ఉంటుంది.

ఇక షో అన్న మాట. కారులో వచ్చి గుడ్డసంచిలో సరుకులు వేసుకుంటే ఆ సంచి అబద్ధమా? నాకట్లా అనిపించదు. మనిషి బతుకు ఒక్కరోజులో మొత్తం మారదు. ఒకళ్లు సంచితో మొదలుపెడతారు, ఒకళ్లు నూనెతో. కొందరు సంచి దగ్గరే ఆగిపోతారు. ఆగిపోయినా ఆ వారం నాలుగు కవర్లు తగ్గాయి కదా. ఉదయగిరి వైపు భూమి కొన్న దంపతులు రేపు మళ్లీ బెంగుళూరు వెళ్లిపోయినా నేను వాళ్లని ఆడిపోసుకోను. ఆ మెట్టలో బోరు వేసి నీళ్లు పడతాయో లేదో అని రాత్రుళ్లు నిద్రపోకుండా కూర్చోవడం ఎంత కష్టమో మా తమ్ముడిని చూసి తెలుసుకున్నాను. అయితే ఫోటో తీసుకోవడానికి మాత్రమే వచ్చేవాళ్లూ ఉంటారు, నువ్వు చూసే ఉంటావు. వాళ్లని తూచే పని నీది కాదు, నాదీ కాదు. నీ త్రాసు సరుకులకే ఉంచుకో.

ఆ కోప్పడే మేడం ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదువుతుందా? చదువుతుంటే ఆమె పక్కన నిలబడి నువ్వూ చదువు. ఆర్గానిక్ అని ధ్రువీకరించే గుర్తు ఉందా, ఏ ఊరి పంట, ఎప్పుడు ఆడించిన నూనె అని అడిగేవాళ్ల వల్లే షాపులు నిజాయితీగా ఉంటాయి. అడిగిందానికి సమాధానం చెప్పగలిగితే నీ ఉద్యోగానికీ విలువ పెరుగుతుంది. చిన్నరైతు తన పంటను నేరుగా అమ్ముకునేటప్పుడు ఆ గుర్తు తప్పనిసరి కాదని కూడా తెలుసుకో. గుర్తు లేనిదల్లా మోసం అనుకోకూడదు.

మీ నెల్లూరికి వింత మనుషులు కొత్త కాదమ్మా. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ఆశ్రమం ప్రారంభించారు. మిల్లుబట్ట దొరుకుతుండగా కూర్చుని రాట్నం తిప్పుకుంటూ, మోటు ఖద్దరు కట్టుకున్న మనుషులు అక్కడ ఉండేవాళ్లు. పొట్టి శ్రీరాములు గారు జీవితపు చివరి ఏళ్లలో మీ ఊళ్లో ఉన్నారు. మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితులను రానివ్వాలని 1946లో నిరాహారదీక్ష చేశారు. ఆ తర్వాత కూడా దళితుల గురించి నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని, నెల్లూరు ఎండలో గొడుగు లేకుండా, కాళ్లకు చెప్పుల్లేకుండా వీధుల్లో తిరిగేవారు. తెలియనివాళ్లు ఆయన్ని పిచ్చివాడు అనుకున్నారు. ఈ రోజు మీ జిల్లా పేరే ఆయన పేరు. మీ పెద్దాయన అంతటివాడని నేను చెప్పడం లేదు. ఆనాడు వీధి అరుగుల మీద కూర్చుని చూసినవాళ్లకు ఆ కాళ్లు కనపడ్డాయి, ఆ అట్ట మీద రాసింది కనపడలేదు. నాకు దిగులు కలిగించేది అదే.

అందుకే మీ అమ్మగారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. మనుషుల్ని గమనించడం తప్పు కాదు. కౌంటర్‌లో కూర్చున్న పిల్ల మనుషుల్ని చూడకపోతే ఇంకేం చూస్తుంది? బాగా చూడటం అందరికీ రాదు, నీకు వచ్చింది. ఇంటికెళ్లి ఒక నోట్‌బుక్‌లో రాసుకో. పేర్లు, నంబర్లు వద్దు. వాళ్లు ఏం అడిగారు, ఎట్లా అడిగారు, చేతులతో ఏం చేశారు, అంతవరకు రాయి. ఫోన్లో వీడియో మాత్రం ఎప్పుడూ తీయొద్దు, నీ ఫ్రెండును కూడా తీయనివ్వొద్దు. మీ అమ్మగారు భయపడేది దేనికో నాకు అర్థమైంది. చూపు ఎక్కడ ఎగతాళిగా మారుతుందో ఆమెకు తెలుసు. ఆ మాట వరకు ఆమెదే నిజం.

ఒక్కచోట మాత్రం చూస్తూ కూర్చోవద్దు. షుగర్ మాత్రలు మానేశానని చెప్పే ఆయన సంగతి. నీకు టెన్షన్ రావడం న్యాయమే. చిరుధాన్యాలు మంచివే, పీచు ఎక్కువ, నేనూ తింటాను. కానీ వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములైతే కొర్రల్లో కూడా సుమారు 61 గ్రాములు ఉంటుంది. కొర్రన్నం పళ్లెం నిండా పెట్టుకుని తింటే షుగర్ పెరగకుండా ఉండదు. మాత్రలు అంతకంతే వేసుకుంటూ తిండి బాగా తగ్గించేసినా ప్రమాదమే, షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. తిండి మార్చేవాళ్లు డాక్టరుకు చెప్పి, పరీక్ష చేయించుకుంటూ మందు తగ్గించుకోవాలి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు సొంతంగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆయనతో వాదించకు. ఆయన మాట విని పక్కనున్న ఆవిడ ‘నేనూ మానేద్దామా’ అన్నట్టు చూస్తే, బిల్లు ఇస్తూ ఒక్క మాట చెప్పు: ‘ఆంటీ, మీ డాక్టరు గారిని అడక్కుండా మాత్రలు ఆపొద్దండీ.’ అంతే చాలు. మీ ఓనరుతో చెప్పి ఆ వాక్యాన్నే ఒక కాగితం మీద రాయించి కౌంటర్ మీద అతికించండి.

ఇప్పుడు ఫోన్ విషయం. నీ ఫోన్ నుంచి చేయొద్దు. ఆ నంబరు ఆయన బిల్లు కోసం ఇచ్చాడు. తనను చూసి నవ్విన అమ్మాయి తన నంబరుకి ఫోన్ చేస్తే ఆయనకు ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. ముందు మీ ఓనరుకి జరిగింది జరిగినట్టు చెప్పు. కష్టమే. కోప్పడితే కోప్పడనీ. చేసింది నా ఫ్రెండు అని మాత్రం చెప్పకు, నీ వంతు నువ్వు చెప్పుకో. కొత్త బెల్లం వచ్చినప్పుడు షాపు ఫోన్ నుంచి, మిగతా కస్టమర్లకు చెప్పినట్టే, ‘సరుకు వచ్చిందండీ’ అని ఆయనకూ చెప్పమను. అంతకుమించి వద్దు. రావాలో వద్దో ఆయన ఇష్టం.

వస్తే, షాపులో జనం లేని సమయం చూసుకుని, లేచి నిలబడి చెప్పు. ‘పెద్దాయనా, ఆ రోజు నేను అట్టా అనకూడదు. తప్పైపోయింది.’ ఎందుకన్నావో చెప్పొద్దు. ఊరికే సరదాకి అన్నామనొద్దు, ఏడవొద్దు. సరదాకి అన్నామంటే ఆయన ‘పర్లేదులే’ అనక తప్పని పరిస్థితి వస్తుంది. ఏడిస్తే ఆయనే నిన్ను ఓదార్చాలి. ఆ బరువు ఆయన మీద పెట్టకు. ఆయన ఏమీ అనకుండా బిల్లు కట్టి వెళ్లిపోయినా నువ్వు చెప్పాల్సింది చెప్పావు. బెల్లం దేనికని ఆ రోజే అడగొద్దు. రెండు మూడుసార్లు వచ్చి వెళ్లాక, ఆయనే ఎండ గురించో వాన గురించో కదిపితే, అప్పుడు అడుగు, ‘ఏం పంటేశారు పెద్దాయనా’ అని. నా ఊహ తప్పయితే ఆయనే చెప్తాడు ఆ పిండి దేనికో. నాక్కూడా ఒక ముక్క రాసి పంపు.

ఈలోపు మిగతా పేర్లన్నీ తీసేయండి ఇద్దరూ. రాగిచెంబు ఆయన్ని లెక్చరర్ గారు అనండి, కోప్పడే ఆవిడ్ని పేరు అడిగి ఆ పేరుతోనే పిలవండి. నాలుగు రోజులు నోరు తడబడుతుంది, తర్వాత అలవాటవుతుంది.

ఇంకొక్క పని. కొత్త బెల్లం డబ్బా తెరిచినప్పుడు, ఆయనకు ఫోన్ వెళ్లిన రోజు, పైనున్న అచ్చులు తీసి వేరే పళ్లెంలో పెట్టు. అడుగున మెత్తగా ఉన్నవి ఆయన చేతికి అందేట్టు పైకి పేర్చి ఉంచు.